చంద్రుడికి ఎన్ని పళ్లు?

ఖరీదైన చేతి గడియారాల ప్రకటనల్లో ఒక చిన్న కిటికీ గమనించే ఉంటారు. డయల్ మీద ఆరు అంకె దగ్గర నీలి ఆకాశం, నాలుగు చుక్కలు, ఒక బంగారు చంద్రుడు. ఆ చంద్రుడు రోజూ కొంచెం కొంచెం కిటికీలోకి జరుగుతాడు. పౌర్ణమికి నిండుగా కనిపించి, తర్వాత అటువైపు అంచు కింద దాక్కుంటాడు. దీన్ని మూన్‌ఫేజ్ అంటారు. ఫోన్లో ఉచితంగా దొరికే ఈ సమాచారం కోసం లక్షలు పోసేవాళ్లు ఉన్నారు. ఎందుకు పోస్తారో తెలుసుకుందామని మొదలుపెడితే, ఆ దారి నన్ను స్విట్జర్లాండ్ దాకా తీసుకెళ్లి మళ్లీ మన ఓరుగల్లుకే తెచ్చి వదిలింది.

ఈ వ్యాసంలో మూడు పనులు చేద్దాం. ఆ కిటికీ వెనక ఎన్ని పళ్ల చక్రం ఉందో చూద్దాం. దాని లెక్క ఎంత నిజమో మన ఊళ్లోనే ఉన్న ఒక రాతి తేదీతో పరీక్షిద్దాం. ఆ తర్వాత, ఆ గడియారానికి అంత విలువ తెచ్చిపెట్టే నగిషీ పని గురించి, మన దగ్గర ఉన్న నగిషీ పని గురించి మాట్లాడుకుందాం. మెకానికల్ వాళ్లకి గేర్లు, కంప్యూటర్ సైన్స్ వాళ్లకి చెక్‌సమ్, మెటలర్జీ వాళ్లకి ఉల్క దొరుకుతాయి. తెలుగు మీద ఇష్టం ఉన్నవాళ్లకి ఒక పాత మాట కూడా ఉంది.

లోపల ఏం జరుగుతుంది?

మెకానికల్ గడియారంలో బ్యాటరీ ఉండదు. చుట్టి బిగించిన స్ప్రింగే దానికి శక్తి. ఆ శక్తి ఒక్కసారిగా ఖర్చయిపోకుండా ఎస్కేప్‌మెంట్ అనే భాగం ఆపి ఆపి వదులుతుంది. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వదలాలో చెప్పేది అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్. ఇప్పటి గడియారాల్లో చాలావాటిలో ఇది గంటకి 28,800 సార్లు, అంటే సెకనుకి 8 సార్లు కొట్టుకుంటుంది. స్ప్రింగుకీ ఈ చక్రానికీ మధ్య ఉన్న పళ్ల చక్రాల వరస నుంచే ముళ్లు తిరుగుతాయి.

గంటల ముల్లు 12 గంటలకి ఒక చుట్టు తిరుగుతుంది. దానికి రెట్టింపు పళ్లున్న చక్రం తగిలిస్తే అది రోజుకి ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చక్రానికి వేలు లాంటి చిన్న మొన ఒకటి పెడతారు. రోజుకోసారి ఆ వేలు చంద్రుడి పళ్లేన్ని ఒక పన్ను ముందుకి నెడుతుంది. పళ్లెం మీద ఎదురెదురుగా ఇద్దరు చంద్రులుంటారు. ఒకరు అస్తమిస్తుంటే రెండోవారు ఉదయిస్తారన్నమాట. పళ్లేనికి 59 పళ్లు. 59 రోజుల్లో పూర్తి చుట్టు, ఒక్కో చంద్రుడి వంతు 29.5 రోజులు.

మామూలు మూన్‌ఫేజ్ గడియారాల్లో లెక్క ఇంతే. కానీ అమావాస్య నుంచి అమావాస్యకి సగటున పట్టే కాలం 29.530589 రోజులు, అంటే 29 రోజుల 12 గంటల 44 నిమిషాల 3 సెకన్లు. మన 59 పళ్ల చంద్రుడు నెలకి 44 నిమిషాలు ముందు పరిగెత్తుతున్నాడు. రెండేళ్ల ఏడు నెలలు దాటేసరికి పూర్తిగా ఒక రోజు తేడా వస్తుంది. అప్పుడు యజమాని ఒక మీట నొక్కి చంద్రుణ్ణి సరిచేసుకోవాలి.

ఇంతకంటే మంచి గడియారాల్లో 135 పళ్ల చక్రం వాడతారు. రోజుకి ఒక పన్ను చొప్పున కదిలే 7 పళ్ల చక్రం వారానికి ఒక చుట్టు తిరుగుతుంది అనుకోండి. అదే ఇరుసు మీద 16 పళ్ల చిన్న చక్రం పెట్టి, దానితో 135 పళ్ల చంద్రుడి పళ్లేన్ని తిప్పితే పూర్తి చుట్టుకి 7 × 135 ÷ 16 = 59.0625 రోజులు పడుతుంది. సగం చేస్తే 29.53125. ఇక్కడ తప్పు నెలకి 57 సెకన్లే. ఒక రోజు తేడా రావడానికి 122 ఏళ్లు పడుతుంది. "122 ఏళ్లకోసారి సరిచేస్తే చాలు" అని కంపెనీలు గొప్పగా చెప్పుకునేది దీన్నే.

రాతి మీద తేదీ

ఇప్పుడు పరీక్ష. చంద్రుడి గడియారాన్ని పరీక్షించాలంటే ఎన్నో ఏళ్ల కిందటి తేదీ ఒకటి కావాలి, ఆ రోజు చంద్రుడు ఎంత ఉన్నాడో తెలిసి ఉండాలి. మనకి అలాంటిది పక్కనే ఉంది. ఓరుగల్లు కోటకి మారకముందు కాకతీయుల రాజధాని హనుమకొండ. అక్కడి వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు వేయించిన శాసనం తేదీ ఇలా ఉంటుంది: శక సంవత్సరం 1084, చిత్రభాను నామ సంవత్సరం, మాఘ మాసం, శుక్ల పక్షం, 13వ తిథి, వడ్డవారం.

వడ్డవారం అంటే శనివారం. శాసనాల్లో తరచూ కనిపించే ఈ మాట ఇప్పుడు మన నోటి నుంచి పూర్తిగా జారిపోయింది.

ఒకే రోజుని ఇన్ని రకాలుగా ఎందుకు చెప్పారు? శక సంవత్సరం, నెల, తిథి చెబితే చాలదా? సంవత్సరం పేరు, వారం అదనం కదా? ఆ అదనమే ఇక్కడ కీలకం. సంఖ్య ఒకటి చెరిగిపోయినా, చెక్కేవాడు పొరబడినా మిగతావాటితో పట్టుకోవచ్చు. డేటా పంపేటప్పుడు మనం చివర చెక్‌సమ్ ఎందుకు పెడతామో ఇదీ అందుకే పనికొస్తుంది. చరిత్రకారులు ఈ తేదీని 1163 జనవరి 19గా లెక్క కట్టారు. కాగితం, కాలిక్యులేటర్ తీసుకుని నేను మళ్లీ వేసి చూశాను. మీరూ వేయండి.

మొదటిది, సంవత్సరం పేరు. అరవై ఏళ్లకోసారి పేర్లు తిరిగొస్తాయి. మొన్నటి చిత్రభాను 2002 ఉగాదికి మొదలైంది. శక సంవత్సరం 1084 మొదలైంది 1162లో. 2002 నుంచి 1162 తీసేస్తే 840. అది సరిగ్గా 14 అరవైలు. పేరు సరిపోయింది.

రెండోది, వారం. ఖగోళ శాస్త్రజ్ఞులు రోజులన్నిటినీ ఒకే వరసలో లెక్కపెట్టే జూలియన్ దిన సంఖ్య వాడతారు. 1163 జనవరి 19కి ఆ సంఖ్య 21,45,862. దాన్ని 7తో భాగిస్తే శేషం 5. శేషం 0 అయితే సోమవారం, 5 అయితే శనివారం. వడ్డవారమే!

మూడోది, అసలు పరీక్ష, చంద్రుడు. 2000 సంవత్సరంలో మొదటి అమావాస్య జనవరి 6న వచ్చింది. 1163 జనవరి 19 ఉదయం నుంచి అక్కడికి సుమారు 3,05,688 రోజుల 16 గంటలు. దీన్ని 29.530589తో భాగిస్తే 10,351 చాంద్రమాసాలు పోగా సుమారు 17.5 రోజులు మిగులుతాయి. అంటే శాసనం నాటి ఉదయానికి అమావాస్య దాటి 29.5 – 17.5 = 12 రోజులైంది. సగటు తిథి రోజు కంటే కొంచెం చిన్నది, 0.984 రోజు. పన్నెండు తిథులు పూర్తయ్యి పదమూడోది నడుస్తోంది. శుద్ధ త్రయోదశి.

ఇది సగటు లెక్క. నిజమైన చంద్రుడు దీనికి కొన్ని గంటలు అటూ ఇటూ ఉంటాడు. అయినా ఎనిమిది వందల అరవై ఏళ్ల వెనక్కి వెళ్లి తిథిని పట్టుకోగలిగామంటే, ఆ తేదీ రాసినవాళ్ల లెక్క ఎంత గట్టిదో తెలుస్తుంది.

మూడు గడియారాల పందెం

ఆ శనివారం నాడు వేయిస్తంభాల గుడి దగ్గర మూడు చంద్ర గడియారాలు మొదలుపెట్టాం, 860 ఏళ్లపాటు ఎవరూ ముట్టుకోలేదు అనుకుందాం. సుమారు 10,637 చాంద్రమాసాలు గడిచాయి.

59 పళ్ల గడియారం: నెలకి 44 నిమిషాల తప్పు. మొత్తం తేడా సుమారు 325 రోజులు. దాదాపు పదకొండు నెలలు తప్పిపోయింది.

135 పళ్ల గడియారం: నెలకి 57 సెకన్ల తప్పు. మొత్తం తేడా 7 రోజులు. పౌర్ణమి నాడు సగం చంద్రుణ్ణి చూపిస్తుంది.

మూడోది లోహపు గడియారం కాదు, సూర్యసిద్ధాంతం. మన పంచాంగ కర్తలు తరతరాలుగా వాడిన గ్రంథం ఇది. ఒక మహాయుగంలో 1,57,79,17,828 రోజులు, 5,34,33,336 చాంద్రమాసాలు అని దాని లెక్క. భాగించి చూడండి: 29.530588 రోజులు. ఇప్పటి విలువతో తేడా నెలకి సెకనులో పదో వంతు కూడా లేదు. 860 ఏళ్లకి మొత్తం తేడా సుమారు 14 నిమిషాలు.

దీన్ని చూసి "మనవాళ్లకి అన్నీ తెలుసు" అని ఛాతీ విరుచుకోవడం నా ఉద్దేశం కాదు. సూర్యసిద్ధాంతంలో సంవత్సరం పొడవు లాంటి చోట్ల ఇంత కచ్చితత్వం లేదు. కానీ గమనించాల్సింది ఒకటుంది. ఆ రెండు పెద్ద సంఖ్యలూ ఒక గేర్ నిష్పత్తే. కాగితం మీద ఎన్ని పళ్లైనా వేసుకోవచ్చు. ఇత్తడిలో వేయలేం. గడియారం చేసేవాడి కష్టమంతా అక్కడే.

ప్రధాన సంఖ్యల పేచీ

29.530589కి దగ్గరగా ఉండే చిన్న భిన్నాలు వెతకడానికి ఒక పద్ధతి ఉంది. పూర్ణాంకం తీసెయ్, మిగిలినదాన్ని తలకిందులు చెయ్, మళ్లీ పూర్ణాంకం తీసెయ్. అవిచ్ఛిన్న భిన్నాలు అని మనం చదివినవి ఇవే. వరసగా వచ్చే జవాబులు: 59/2, 443/15, 502/17, 1447/49. చివరిది అద్భుతం. నెలకి 2 సెకన్ల తప్పే. ఒక రోజు తేడా రావడానికి మూడు వేల ఏళ్ల పైనే పడుతుంది.

మరి ఎందుకు వాడరు? 1447 ప్రధాన సంఖ్య. దాన్ని చిన్న చిన్న చక్రాలుగా విడగొట్టలేం. నాలుగు సెంటీమీటర్ల గడియారంలో 1447 పళ్ల చక్రం ఎవరు కోస్తారు? 443 కూడా ప్రధాన సంఖ్యే. 502లో 251 ఉంది, అదీ అంతే. 135 పళ్ల గడియారం వెనకున్న 945/32 చూడండి: పైన 3, 3, 3, 5, 7. కింద అన్నీ రెండ్లే. కచ్చితత్వం కొంచెం తగ్గినా చక్కగా విడిపోతుంది. డిజైన్ అంటే ఇదే కదా! ఉన్నవాటిలో నిజానికి దగ్గరగా ఉండి, మన చేత్తో చేయగలిగినదాన్ని ఎంచుకోవడం.

ఈ పద్ధతిని గ్రహాల యంత్రానికి వాడిన మొదటివాళ్లలో క్రిస్టియాన్ హైగెన్స్ ఒకరు. 1680ల్లో ఆయన తన ప్లానెటేరియంలో శని గ్రహానికి 206, 7 పళ్లు ఎంచుకున్నారు. ఇలాగే భాగించుకుంటూ పోయే కుట్టక పద్ధతి 499 నాటి ఆర్యభటీయంలో ఉంది.

నగిషీ ఎందుకు?

ఇక రెండో సగం. 1969 డిసెంబర్ 25న సీకో క్వార్ట్జ్ గడియారం ఆస్ట్రాన్ విడుదలైంది. ఇప్పటి మామూలు క్వార్ట్జ్ గడియారాల్లో స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. 2ని 15 సార్లు గుణించిన సంఖ్య అది. వంద రూపాయల క్వార్ట్జ్ ముందు లక్షల మెకానికల్ గడియారం ఓడిపోయింది. 1970లో స్విస్ గడియారాల పరిశ్రమలో సుమారు 90 వేల మంది పనిచేసేవాళ్లు. 1980ల మధ్యకి 30 వేల చిల్లర మిగిలారు. మన దగ్గర కూడా హైదరాబాద్ ఆల్విన్ గడియారాలు కనుమరుగయ్యాయి. 1961లో మొదలైన హెచ్‌ఎంటీ గడియారాల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది.

స్విస్ వాళ్లు ఎలా నిలబడ్డారు? టైము చూపించడంలో పోటీ మానేశారు. ఆకాశాన్ని చూపించారు. 1985లో యులిస్ నార్దాన్ కంపెనీ లుడ్విగ్ ఓక్స్‌లిన్ రూపకల్పనతో చేతికి పెట్టుకునే ఆస్ట్రోలేబ్ తెచ్చింది. దానికి గెలీలియో పేరు పెట్టారు. తర్వాత 1988లో కోపర్నికస్ పేరుతో, 1992లో కెప్లర్ పేరుతో ఇంకో రెండు వచ్చాయి. 2014లో వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ తెచ్చిన గడియారంలో ఆరు గ్రహాలు తమ నిజమైన వేగంతోనే తిరుగుతాయి. అందులో శని ఒక చుట్టు తిరగడానికి 29 ఏళ్లు పడుతుంది. కొన్నవాడు జీవితంలో రెండు చుట్లు చూస్తే గొప్ప.

దానికి తోడు చేతిపని. రాత్రి ఆకాశంలా కనిపించడానికి రాగి స్ఫటికాలు మెరిసే అవెంచురిన్ గాజు. 800 డిగ్రీల దగ్గర పొర మీద పొర కాల్చిన ఎనామెల్. సుమారు 300 డిగ్రీల దాకా వేడిచేసి నీలం రంగు తెప్పించిన ఉక్కు ముళ్లు. అది పెయింట్ కాదు, ఆక్సైడ్ పొర. కొన్నిటికి ఉల్కని కోసి డయల్ చేస్తారు. ఆమ్లంలో ముంచితే దాని మీద అడ్డదిడ్డంగా గీతలు తేలతాయి. లోహం లక్షల ఏళ్లపాటు మెల్లగా చల్లారితే తప్ప ఆ గీతలు రావు కాబట్టి ఏ ల్యాబ్‌లోనూ వాటిని తయారుచేయలేం. 2020లో స్విట్జర్లాండ్, ఫ్రాన్స్‌ల గడియారాల చేతిపని యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు పదే పదే ఖిలా వరంగల్ గుర్తొచ్చింది. కోట మధ్యలో, స్వయంభూ శివాలయం శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. దాదాపు ఒకే రూపం. గడియారం డయల్ మీద 12, 3, 6, 9 గుర్తుల్లాగా. ఆ హంసలు, మకరాలు, వేలాడే మొగ్గలు చెక్కినవాళ్లకి కొలతంటే ఏమిటో, ఎక్కడ ఆపాలో తెలుసు. 1323లో కోట పడిపోయింది. మధ్యలో గుడి పోయింది, చుట్టూ గుర్తులు మిగిలాయి. ఇప్పుడు ఆ తోరణం రాష్ట్ర చిహ్నంలో ఉంది. మనం దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుని, బస్సెక్కి వచ్చేస్తాం.

రాతి పని ఆగిపోయినా లోహపు పని ఆగలేదు. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద ఉలితో కొట్టి బొమ్మని పైకి తేల్చే పని కాకతీయుల కాలం నుంచి ఉందని చెబుతారు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒకప్పుడు గుడి తలుపుల తొడుగులు, దేవుడి వాహనాలు. ఇప్పుడు ఎక్కువగా షీల్డులు, మొమెంటోలు. ఇంకొంచెం దూరంలో బీదర్. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపిన లోహంలో వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టి, నవాసారం కలిపిన నీళ్లలో వేస్తే జింకు నల్లబడుతుంది. వెండి తెల్లగానే ఉంటుంది. నల్లటి ఆకాశంలో వెండి చుక్కలు. అంతకంటే మంచి మూన్‌ఫేజ్ డయల్ ఏముంటుంది?

నన్ను కలవరపెట్టేది ఇక్కడే. క్వార్ట్జ్ వచ్చినప్పుడు స్విస్ పనివాడి పక్కన ఒక గణితజ్ఞుడు, ఒక ఇంజనీరు నిలబడ్డారు. పెంబర్తి పనివాడి పక్కన ఎవరున్నారు? గంట ప్రయాణంలో ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. మనం ఆయన దగ్గరకి వెళ్లేది ఫెస్టుకి మొమెంటో ఆర్డర్ ఇవ్వడానికి, అదీ బేరం ఆడటానికి.

తిథి గడియారం

అందుకే ఒక ప్రతిపాదనతో ముగిస్తాను. పార్మిజాని అనే స్విస్ కంపెనీ హిజ్రీ క్యాలెండర్‌కి చేతి గడియారం చేసి 2020లో జెనీవాలో ఆవిష్కరణ బహుమతి అందుకుంది. 30 ఏళ్లకి 10,631 రోజుల చక్రం అది. బ్లాంక్‌పాన్ 2012లో చైనా సంప్రదాయ క్యాలెండర్‌కి చేసింది. మన పంచాంగం వీటికంటే మొండిది. తిథి అంటే చంద్రుడు సూర్యుడికి 12 డిగ్రీలు దూరం జరిగే కాలం. చంద్రుడి వేగం మారుతుంది కాబట్టి ఒక తిథి సుమారు 19 గంటలుండొచ్చు, 26 గంటలూ ఉండొచ్చు. కొన్నిసార్లు ఒక తిథి ఏ సూర్యోదయానికీ అందకుండా జారిపోతుంది, కొన్నిసార్లు రెండు సూర్యోదయాలకి ఉంటుంది. పండగ ఈరోజా రేపా అని ప్రతి ఏడూ ఇళ్లల్లో జరిగే వాదన వెనక ఉన్నది చాలావరకు ఈ వేగం తేడాని ఎలా లెక్కకట్టాలన్న ప్రశ్నే.

అసాధ్యమా? కాదు. 1901లో గ్రీసు సముద్రంలో మునిగిన ఓడలో దొరికిన యాంటికితెరా యంత్రంలో, రెండు వేల ఏళ్ల కిందటే, చంద్రుడి వేగం మారడాన్ని ఒక ఇరుసు పక్కకి జరిపి, గాడిలో మేకు తిరిగేలా చేసి చూపించారు. అధిక మాసాలకి 19 ఏళ్లకి 235 నెలల చక్రమూ అందులో ఉంది. 235 అంటే 5 × 47, కోయగలిగే పళ్లే.

చేతి గడియారం మన వల్ల కాదు. గోడ గడియారమంత నమూనా మాత్రం అవుతుంది. లెక్క మనం వేద్దాం, చక్రాలు వర్క్‌షాప్‌లో కోద్దాం, డయల్ పెంబర్తిలో చేయిద్దాం. డయల్ చేసిన పనివాడి పేరు మన పేర్ల పక్కనే ప్రాజెక్టు రిపోర్టులో ఉండాలి, ఆయన అడిగిన కూలి బేరం లేకుండా ఇవ్వాలి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ దొరకట్లేదు అంటున్నవాళ్లు క్లబ్‌లో నన్ను కలవండి. మొదటి చక్రానికి 7 పళ్లు, రెండోదానికి 16, మూడోదానికి 135. చంద్రుణ్ణి ఏ రోజు నుంచి మొదలుపెట్టాలో వేయిస్తంభాల గుడి రాయి ఎప్పుడో చెప్పేసింది.